మౌనానికి గడువు

"మరిడీ, పులుసు చాలా బాగుంది. నాకోసం నువ్వెంతో కష్టపడుతున్నావు."

ఎల్లాజీ గొంతు ఆ రెండు వాక్యాలూ తడబడకుండా పలికేసరికి గదిలో ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు. ఫణీంద్ర అయితే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆసుపత్రుల సంస్థ తరఫున వచ్చిన డాక్టర్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని తలలూపారు. కంచం ముందు కూర్చున్న ఎల్లాజీ మాత్రం పులుసన్నంలో ఎడమచెయ్యి ఉంచి అలాగే ఉండిపోయాడు. అతని పెదవులు కదల్లేదు. ఆరేళ్లుగా అవి కదలడం లేదు.

రత్నం తన అన్నయ్య ఎల్లాజీ మొహం చూడలేదు. చేతిలోని తెర మీద అంకెలు చూస్తోంది. అంకెలు బాగున్నాయి. ఆమె అనుకున్నదానికన్నా బాగున్నాయి.

గుమ్మానికి ఆనుకుని నిలబడ్డ మరిడమ్మ చప్పట్లు కొట్టలేదు. మొగుడి వైపు చూసి, కంచం వైపు చూసి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది. సంతోషం పట్టలేక వెళ్లిందని అందరూ అనుకున్నారు.

పక్షవాతం వచ్చేదాకా ఎల్లాజీ కాకినాడ రేవులో చేపల పాట నడిపేవాడు. తెల్లారేసరికి పడవలు తెచ్చిన సరుకును గుట్టలు పోయించి, కొనేవాళ్ల మధ్య నిలబడి, ధర మీద ధర ఎక్కిస్తూ వేలం వేసేవాడు. జబ్బు అతని నాలుకనూ కుడిచేతినీ తీసుకుపోయింది. బుద్ధిని మాత్రం ముట్టుకోలేదు. అదే పెద్ద శిక్ష అని అతని చెల్లెలికి అనిపించింది. చేస్తున్న ఉద్యోగం మానేసి ఆమె అతన్ని మళ్లీ మాట్లాడించే యంత్రం తయారీలో పడింది.

మనిషి ఒక మాట అనుకోగానే మెదడు నాలుకకు కబురు పంపుతుంది. నాలుక చచ్చుబడినా కబురు ఆగదు. చెవి వెనక అంటించిన బిళ్ళ ఆ కబురును పట్టుకుంటుంది. గూట్లో పెట్టిన ఇనప్పెట్టె దాన్ని మాటగా మార్చి, ఆ మనిషి పాత గొంతుతో వినిపిస్తుంది. కబురు ఎప్పుడూ సగమే అందుతుంది కాబట్టి మిగతా సగాన్ని పెట్టె ఊహించుకోవాలి. ఆ ఊహ అలవాటు మీద పదునెక్కుతుంది. పెట్టె పుణ్యమా అని ఎల్లాజీ పలికిన మొదటి మాట ఒక పచ్చిబూతు. అది విని మరిడమ్మ వీధిలోకి పరుగెత్తి, ఇరుగుపొరుగును పిలిచి, వెక్కివెక్కి ఏడ్చింది.

ఆ పెట్టె నుంచే "గళం" అనే కంపెనీ పుట్టింది. రత్నం యంత్రం సంగతి చూస్తే, కాలేజీలో ఆమెతో చదువుకున్న ఫణీంద్ర వ్యాపారం చూశాడు. మాట పడిపోయినవాళ్ల ఇళ్లల్లోకి పెట్టెలు చేరాయి. ఏడాది కిందట కొత్త చట్టం వచ్చింది. పెట్టె పలికిన మాటకు మనిషి సంతకంతో సమానమైన విలువ వచ్చింది. ఫణీంద్ర ఆ రోజు ఆఫీసంతటికీ కాజాలు పంచాడు.

ఇప్పుడు ఎల్లాజీ ఇంటి గూట్లో పెట్టె లేదు. మాటను ఊహించే పని ఎక్కడో దూరాన ఉన్న సర్వర్లకు వెళ్లిపోయింది, గొంతు బిళ్ళలోంచే వినిపిస్తుంది. ఇంటింటికీ ఒక పెట్టెకు బదులు అందరికీ కలిపి ఒకే పెద్ద బుర్ర. పాత పెట్టెలవాళ్లంతా ఈ రోజుతో దీనికి మారుతున్నారు, పైవారం నుంచి ఆసుపత్రులవాళ్లు తమ రోగులందరికీ దీన్నే ఇవ్వబోతున్నారు. మొదటి పెట్టె ఎవరికిచ్చారో మొదటి పరీక్ష కూడా వాళ్ల మీదే జరగాలని పట్టుబట్టింది రత్నమే.

*

భానుగుడి దగ్గర మేడ మీద ఉన్న ఆఫీసులో ఆ ఏడాదంతా క్లౌడ్ అన్న మాట తప్ప మరో మాట లేదు.

మారక తప్పదని అందరికన్నా ముందు గట్టిగా చెప్పింది రత్నమే. పెట్టెలో వాడే చిప్పుల తయారీ ఆగిపోయింది. ఏ చిన్న తప్పు దిద్దాలన్నా ఇంజనీరు పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని బస్సెక్కాలి. కిందటేడు ఏటిగట్టు తెగినప్పుడు ఒక లంకలో పెట్టె నీళ్లపాలైంది. అందులో ఒక ముసలాయన నేర్పుకున్న మాటలన్నీ ఉన్నాయి. మాట ఆయనకు రెండోసారి పడిపోయింది. కొత్త పెట్టె తీసుకెళ్లిన రత్నం, మొదటినుంచీ మొదలుపెడదామని చెప్పినప్పుడు ఆయన కళ్లల్లోకి చూడలేక తడిసిన గోడ మీది కేలండరు చూస్తూ మాట్లాడింది. ఏ మనిషి గొంతూ ఒక ఇనప్పెట్టె ప్రాణం మీద ఆధారపడకూడదని తిరిగొచ్చే పడవలో ఆమె తీర్మానించుకుంది. ఆ తీర్మానంలో ఇప్పటికీ ఆమెకు తప్పేమీ కనిపించదు.

కానీ పెట్టెలన్నీ పేరుకే ఒకటి. ఇన్నాళ్లలో ఏ ఇంటి పెట్టె ఆ ఇంటి దారి పట్టింది. ఎవరు ఏది అడిగితే అది కాదనకుండా చేసిపెట్టడం గళం ఇంజనీర్లకు అలవాటు. దాన్ని వాళ్లు "ఇంటి మార్పు" అనేవాళ్లు. ఒకరికి నిద్రలో మాటలు బయటికి రాకూడదు. ఒకరికి కోడలి ముందు గొంతు తగ్గాలి. సామర్లకోటలో వైదేహమ్మగారికి పెట్టె ఎంత అవసరం పడినా భర్త పేరు పలకకూడదు. వీటన్నిటినీ ఒకే ప్రోగ్రాంలోకి దించడం కుదరదు కాబట్టి చాలావరకు వదిలేశారు. క్లౌడుకు మారిన రెండోరోజే వైదేహమ్మగారి గొంతు వియ్యాలవారి ముందు "సుబ్రహ్మణ్యం, కాఫీ తాగుతావా?" అంది. ఆవిడ చెవి వెనక బిళ్ళ పీకి భర్త జేబులో పడేసింది.

"ఆయన మాత్రం తెగ సంబరపడుతున్నాడండీ. ఇంకోసారి పిలిపించమని ఫోన్ చేశాడు," అన్నాడు ఫణీంద్ర.

ఆఫీసంతా పగలబడి నవ్వింది. రత్నం కూడా నవ్వింది. ఇలాంటివి కొత్తలో ఉంటాయి, సర్దుకుంటాయి అనుకుంది. గోడ మీద పెద్ద తెరలో ఒక గీత రోజురోజుకూ కిందికి దిగుతోంది. ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఉండే ఖాళీ అది. పనితనానికి కొలతగా ఆ గీతను ఎంచుకున్నది ఆమే. అది నేలను తాకబోతున్న కొద్దీ ఆమె గుండెల్లో ఏదో పాత బిగువు సడలుతున్నట్టుండేది. ఆ బిగువు ఎక్కడిదో ఆమె ఎప్పుడూ తనను తాను అడగలేదు.

*

క్లౌడుకు మారిన నాలుగోరోజు మధ్యాహ్నం మరిడమ్మ ఆఫీసుకు వచ్చింది. చేపల తట్ట కింద గుమ్మం దగ్గర పెట్టి, మెట్లెక్కి, ఎవర్నీ అడగకుండా రత్నం గదిలోకి నడిచింది.

"మీ అన్న నోరు మబ్బులో పెట్టేరంటగా?"

"మబ్బంటే ఆ మబ్బు కాదు వదినా. కూర్చో."

"ఏ మబ్బయితే నాకెందుకులే. ఆయన్ని కిందికి దింపు. పాత పెట్టె తెచ్చి గూట్లో పెట్టు."

"ఏం, బాగా మాట్లాడట్లేదా?"

"బాగానా? పొద్దున్న లేస్తే 'టీ బాగుంది' అంటాడు. స్నానం చేయిస్తే 'నీ రుణం తీర్చుకోలేను' అంటాడు. నాతో కాపరం మొదలెట్టిన్నాటి నుంచి ఆ మనిషి నన్ను మెచ్చుకున్న పాపాన పోలేదే రత్నం. ఇప్పుడు ఎవడో మంచోడు వచ్చి నా ఇంట్లో కూచున్నట్టుంది. రాత్రి దీపం ఆపేక భయమేస్తంది కూడాను."

రత్నానికి నవ్వొచ్చింది. మరిడమ్మ నవ్వలేదు.

"అదేలే, మంచోడితో ఎలాగో సర్దుకుందును. నిన్న దానయ్య వచ్చేడు."

దానయ్య వరసకు ఎల్లాజీకి బావమరిది. నాలుగు పడవలున్నవాడు. ఐదోదిగా ఎల్లాజీ పడవ కొనాలని మూడేళ్లుగా తిరుగుతున్నాడు. జబ్బు పడ్డాక కూడా ఎల్లాజీ దాన్ని అమ్మలేదు. వేరేవాళ్ల చేత నడిపిస్తూ, రోజూ పొద్దున్నే రేవులో కూర్చుని దాని రాకపోకలు చూస్తాడు.

"ఎప్పట్లాగే అడిగేడు. 'బావా, పడవ నాకిచ్చెయ్యి, సరేనా' అన్నాడు. మీ అన్న ఎప్పట్లాగే ఊరుకున్నాడు. ఊరుకుంటే ఏంటో నీకు తెలీదా?"

రత్నానికి తెలుసు. రేవులో పుట్టినవాళ్లందరికీ తెలుసు. పాట నడిపేటప్పుడు చెప్పిన ధర నచ్చకపోతే ఎల్లాజీ కాదనేవాడు కాదు. తల తిప్పేవాడు కాదు. నోరు మూసుకుని నిలబడేవాడు. అవతలివాడు ధర పెంచాలి, లేకపోతే దారి చూసుకోవాలి. అతని మౌనం కాదనడమే. ఆ మౌనానికి రేవులో పేరుండేది. దాని ముందు ఎంత మొండివాడైనా చివరికి తలదించేవాడు.

"ఆయన ఊరుకున్నాడు," అంది మరిడమ్మ. "నీ మబ్బు ఊరుకోలేదు. 'సరే, నీ ఇష్టం' అంది. దానయ్య ఫోన్‌లో పట్టేసేడు. ఇంకేముంది, సంతకమైపోయినట్టేనంట. ఆదివారం వచ్చి పడవ తోలుకుపోతాడంట. నేను మీ అన్నకేసి చూసేను. కళ్లంట నీళ్లు. అంతలో ఆ నోరే మళ్లీ 'పర్లేదు మరిడీ' అంది."

*

రత్నం సాయంత్రం పాత పెట్టెను ఆటోలో వేసుకుని ఉప్పుటేరు వంతెన దాటింది.

ఎల్లాజీ వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. చెల్లెలి చేతిలో పెట్టె చూసి కళ్లు పెద్దవి చేశాడు. పెట్టె గూట్లోకి చేరింది, తీగలు తగిలాయి, పచ్చదీపం వెలిగింది. వింటున్నానని చెప్పే దీపం అది.

"అన్నయ్యా, దానయ్యతో సరే అన్నావా?"

రత్నం ఎదురుచూసింది. పక్కింట్లో ఎవరో గిన్నెలు కడుగుతున్నారు. ఆమె నాలుక చివర ఇంకో ప్రశ్న సిద్ధమైంది. అది అడిగేస్తే ఈ ఖాళీ నిండిపోతుంది. తన నోరు తనంతట తానే తెరుచుకోబోతున్నట్టు ఆమెకు మొదటిసారి తెలిసింది. పళ్లు బిగబట్టి ఆపుకుంది.

"పడవ," అంది పెట్టె చాలాసేపటికి. మళ్లీ ఖాళీ. "నాది."

ఆమె ఒళ్లో ఉన్న తెర మీద నిన్నటి సంభాషణ తీసి చూసింది. దానయ్య ప్రశ్న తరవాత అన్నయ్య బిళ్ళ నుంచి వచ్చిన గీత చెరువులో నీళ్లలా చదునుగా ఉంది. అతను ఏ మాటా పంపలేదు. నాలుగు సెకన్లు దాటాక సర్వర్ ఆ ఖాళీని తెగిపోయిన సంబంధంగా లెక్కగట్టింది. ఇలాంటి ప్రశ్నకు ఎక్కువమంది ఏమంటారో చూసి, ఆ మాట పలికి, పని ముగించింది. ఎక్కువమంది "సరే" అంటారు.

ఆ నియమం రాసింది రత్నమే. నాలుగు సెకన్లే ఎందుకని ఎవరో అడిగితే, అంతకన్నా ఆగితే సర్వర్ల మీద భారమని చెప్పింది. అది నిజమే. కానీ మూడో ఐదో ఎందుకు కాలేదు? మంచం పట్టె మీద కూర్చుని ఆమె దాని వెనక్కి వెళ్లింది. అన్నయ్యకు మాట పడిపోయిన కొత్తలో ఆమె రోజూ అతని ఎదురుగా కూర్చుని ఏదో ఒకటి అడిగేది. ఊపిరి పీల్చి వదిలేది, మళ్లీ పీల్చి వదిలేది. ఆపైన భరించలేక జవాబు కూడా తనే చెప్పేసేది. "ఆకలిగా లేదా? సరే, తర్వాత తిందువుగాని." అతని నిశ్శబ్దంలో ఆమెకు అతని మనసు వినిపించలేదు, తన భయం వినిపించింది. ఆ భయం ఎంతసేపు ఓర్చుకోగలదో అంతే గడువు వేలమందికి పెట్టింది. గోడ మీద గీత నేలను తాకుతుంటే గుండెల్లో సడలిన బిగువు అదే.

వింత ఏమిటంటే, ఆ ఆలోచన ఆమెను కుంగదీయలేదు. తప్పు ఎక్కడుందో కనిపించిన ఇంజనీరుకు కలిగే తేలిక కలిగింది. కనిపించినదాన్ని దిద్దవచ్చు.

తెర మీద ఇంకొకటి వెతికింది. ఈ నాలుగు రోజుల్లో సర్వర్లు తమంతట తాము నింపిన మాటల్లో అన్నిటికన్నా ఎక్కువసార్లు పలికినది ఏది? "సరే." పిఠాపురంలో ఒకామె గొంతు ఆపరేషన్‌కు సరే అంది. తునిలో ఒక తండ్రి గొంతు చిన్నకొడుకింటికి మారడానికి సరే అంది. వాళ్లు నిజంగానే ఒప్పుకుని ఉండొచ్చు. ఆ సంగతి ఇప్పుడు వాళ్లను తప్ప ఇంకెవర్నీ అడగడానికి లేదు.

*

"గడువు ఎత్తేస్తే ఏమవుతుందో నీకు తెలియదా?" అన్నాడు ఫణీంద్ర మర్నాడు. "పెట్టెకి యజమాని ఒక్కడే. రోజంతా వాడి మొహం చూస్తూ కూర్చున్నా అడిగేవాడు లేడు. ఇప్పుడు వేలమంది ఒకే గుమ్మంలో నిలబడ్డారు. ఒకడు నోరు మెదపకుండా అడ్డంగా నిలబడితే వెనకవాళ్ల గతేంటి? ఈ పాఠం నాకు చెప్పింది ఎవరు మేడమ్?"

"నేనే. గడువు ఎత్తెయ్యమనట్లేదు. దాన్ని మన దగ్గర్నుంచి తీసేద్దామంటున్నా."

"అంటే?"

"చెవి వెనక బిళ్ళ ఇప్పుడు ఒట్టి మోతగాడు. ఏది దొరికితే అది మోసుకొచ్చి మన గుమ్మంలో పడేస్తుంది. దానికి ఒక్కటే నేర్పుదాం. మనిషి మాట మొదలుపెట్టాడా లేదా అన్నది. మొదలుపెడితేనే మన తలుపు కొడుతుంది. కొట్టకపోతే సర్వర్ నోరెత్తడానికి వీల్లేదు. గంటైనా సరే, రోజైనా సరే. మాటలన్నీ పైన ఉండనీ, వరదలొచ్చినా పోవు. మౌనం మాత్రం ఇంట్లోనే ఉంటుంది."

"మళ్లీ ఇంటికో పెట్టెకే వచ్చావు."

"పెట్టె కాదు, తలుపు గడియ. గడియ ఎప్పుడూ లోపలివైపే ఉండాలి ఫణీ. మనం బయట బిగించాం."

ఫణీంద్ర కుర్చీ వెనక్కి వాల్చాడు. గోడ మీద గీత వైపు చూశాడు. "ఇది మళ్లీ పైకి లేస్తుంది. మాటలు ఆగి ఆగి వస్తాయి. ఆసుపత్రులవాళ్లు మనల్ని ఒప్పుకున్నదే దీన్ని చూసి."

"లేస్తుంది."

"ఇంకొకటి. దానయ్య విన్న 'సరే' యంత్రానిదని మనం చెప్పాలి. చెప్పామంటే మిగతావాళ్లందరి సంగతీ చెప్పాలి. గళం మాటకు సంతకం విలువ రావడానికి ఎన్నాళ్లు తిరిగానో నీకు తెలుసు. అది మన నోటితో మనమే పోగొట్టుకున్నట్టు."

"పోకూడదనే చెబుతున్నా. మనం పుట్టించిన మాటకి వాళ్ల సంతకం విలువ వాడుకోవడం దొంగతనం. ఈ నాలుగు రోజుల్లో మనం నింపిన ప్రతి మాటా ఎవరి గొంతుతో పలికామో వాళ్లకి చెప్పి, ఇది మీదేనా అని అడుగుదాం. ఫోన్లు నేనే చేస్తాను."

అతను కిటికీ వైపు తిరిగాడు. కిటికీలోంచి సిగ్నల్ దగ్గర ఆగిన ఆటోల మోత వస్తోంది. రత్నానికి మాటలు గొంతుదాకా వచ్చాయి. లంకలో ముసలాయన సంగతి, అన్నయ్య కళ్లల్లో నీళ్లు, కంపెనీ పెట్టిన మొదటిరోజు ఇద్దరూ అనుకున్నవి. వాటిలో ఏదో ఒకటి విసిరితే అతను కరిగిపోతాడని ఆమెకు తెలుసు. ఏదీ విసరలేదు. ఆ నిశ్శబ్దం అతనిది. అందులో అతను ఏదో తేల్చుకుంటున్నాడు. సిగ్నల్ పడి ఆటోలన్నీ వెళ్లిపోయాయి. మళ్లీ వచ్చి ఆగాయి.

"ఆసుపత్రులవాళ్లకి నేను చెప్తాను," అన్నాడు చివరికి. "నువ్వు చెప్తే గొడవైపోద్ది. నీకు నిజం మెత్తగా చెప్పడం రాదు."

ఆసుపత్రులవాళ్లు ఒప్పందం ఆపేశారు. కొలతలు మళ్లీ చూపిస్తే అప్పుడు చూస్తామన్నారు. పిఠాపురం ఆమె ఆపరేషన్‌కు తనంతట తనే సరే అంది. తుని తండ్రి చిన్నకొడుకింటికి వెళ్లనన్నాడు. కోపంతో బిళ్ళలు తిప్పి పంపినవాళ్లున్నారు, మీరైనా చెప్పారని ఉంచుకున్నవాళ్లున్నారు. వైదేహమ్మగారు మాత్రం తన ఇంటి మార్పు తిరిగొచ్చేదాకా బిళ్ళ ముట్టుకోనని భర్త చేత చెప్పించింది. గళం ఇంజనీర్లు కూర్చుని, ఎవరి ఇంటి మార్పు వారి బిళ్ళలోని గడియలోనే పట్టేలా అల్లారు. ఆ పని ఎలా జరగాలో రత్నానికి ఎక్కడా అనుమానం రాలేదు. ఇంత తేటగా ఏ ప్రోగ్రామూ ఆమె చేతుల మీదుగా రాలేదు.

*

దానయ్య చెడ్డవాడు కాదు. కంపెనీ మాట విని రెండ్రోజులు అలిగి, మూడోరోజు పొద్దున్నే రేవుకు వచ్చాడు. పడవలు అప్పుడే సరుకు దించుతున్నాయి. ఎల్లాజీ తన చోట, మంచుగడ్డల పెట్టె మీద, చెవి వెనక కొత్త బిళ్ళతో కూర్చుని ఉన్నాడు. పక్కన మరిడమ్మ తట్ట సర్దుకుంటోంది. రత్నం కాస్త దూరంగా నిలబడింది.

"ఏం బావా, ఆ సరే నీది కాదంటగా," అన్నాడు దానయ్య అందరికీ వినబడేలా. "మీ చెల్లి మొన్న గంటసేపు ఫోన్‌లో నాకు క్లాసు పీకింది. పోన్లే. ఈసారి మబ్బూ గిబ్బూ లేకండా నువ్వే చెప్పు. పడవ నాకిచ్చేస్తావా?"

ఎల్లాజీ అతని వైపు చూశాడు.

బిళ్ళ మీద చిన్న పచ్చదీపం వెలుగుతోంది. సరుకు మోస్తున్న ఆడవాళ్లు తట్టలు దించి నిలబడ్డారు. ఒక కాకి వల మీద వాలి, ఏదో పొడుచుకుని ఎగిరిపోయింది. నాలుగు సెకన్లు ఎప్పుడో దాటిపోయాయి.

"పోనీ ధర పెంచుతా. ఇప్పుడేమంటావు?"

ఎల్లాజీ ఏమీ అనలేదు. నడుం నిటారుగా ఉంది. కళ్లు దానయ్య కళ్ల మీదే ఉన్నాయి. అతని వెనక నీటి మీద పడవ మెల్లగా ఊగుతోంది. పాత వేలంపాటగాళ్లలో ఒకడు పక్కవాడి చెవిలో ఏదో చెప్పి నవ్వాడు. దానయ్య ఇంకో మాట అనబోయి మింగాడు. తల గోక్కున్నాడు. ఆ తల మెల్లగా కిందికి దిగింది.

"నమస్కారం బావా, నీతో నా వల్ల కాదు. ఇరవయ్యేళ్ల కిందటా ఇంతే, ఇప్పుడూ ఇంతే." నవ్వుతూనే వెనక్కి తిరిగాడు. "ఈయన ఖరారు చెయ్యడర్రా. పదండి."

రేవు మళ్లీ మోత మొదలెట్టింది. మరిడమ్మ కేరేజీ విప్పి, మొగుడి ఎడమచేతి కింద కంచం పెట్టింది. అతను ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. చాలాసేపు నమిలాడు.

"ఉప్పు," అంది అతని బొంగురు గొంతు. కాస్త ఆగి, "ఎక్కువ."

"ఎక్కువైతే తినకు! పొద్దున్నే లేచి వండి తెస్తే ఉప్పు ఎక్కువంట, ఉప్పు! ఆ సముద్రంలో ఎంతుందో అడగవేం?" మరిడమ్మ గొంతు రేవంతా వినబడింది. తిడుతూనే కంచంలో ఇంకో చేపముక్క వేసింది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందో ఏడుస్తోందో దూరం నుంచి తెలియడం లేదు.

ఎల్లాజీ తలెత్తి చెల్లెలి వైపు చూశాడు. ఏదో అంటాడనుకుంది. అనలేదు. ఏమైనా అడగాలనిపించింది రత్నానికి. అడగకుండా వెళ్లి, మంచుగడ్డల పెట్టె మీద అతని పక్కన కూర్చుంది. ఇద్దరూ పడవ వైపు చూస్తూ ఉండిపోయారు.